వదిన గ్లాసు, నా ముక్కు

మా వదిన హోటల్ బార్‌లో పనిచేస్తుంది. ఈ మాట చెప్పగానే కొందరి కనుబొమ్మలు పైకి లేస్తాయి. లేవనివ్వండి. ఆ బల్ల వెనక ఇన్నేళ్ళుగా నిలబడ్డ మనిషి ఇంతవరకూ ఒక్క గ్లాసు కూడా పూర్తిగా తాగి ఎరగదు. స్ట్రా కొసన ఒక్క చుక్క తీసి నాలిక మీద వేసుకుంటుంది, కూరలో ఉప్పు చూసినట్టు చూస్తుంది, స్ట్రా పారేసి గ్లాసు ముందుకు జరుపుతుంది. అంతే. సెలవు రోజున పొద్దున్నుంచీ తాగి ఊగే మా చుట్టాలు మా వదిన ఉద్యోగం గురించి పెదవి విరిస్తే నాకు ఒళ్ళు మండుతుంది. నాకు ముక్కు మీదే కోపం అని మా అన్నయ్య అంటాడు. ఉంటే ఉందిలెండి. నేను చెప్పబోయేది ఆ ముక్కు సంగతే.

నేనూ ఆ హోటల్‌లోనే, నేలమాళిగలో బట్టల గది చూసుకుంటాను. దుప్పట్లు, తువ్వాళ్ళు, భోజనం బల్లల మీద పరిచే గుడ్డలు. ఉతికిన దుప్పటి బాగా ఆరిందో లేదో చేత్తో పట్టుకుంటే అందరికీ తెలియదు, నాకు మాత్రం వాసనతో తెలిసిపోతుంది. మడతల్లో కాస్త చెమ్మ మిగిలినా ఒక ముక్కిన వాసన వస్తుంది. ఆ దుప్పటి వెనక్కి పంపేస్తాను. ఉతికేవాళ్ళకి నేనంటే గిట్టదు, అది వేరే సంగతి.

వదిన మొదట ఆ బార్‌లో గ్లాసులు కడగడానికి చేరింది. ఆరేళ్ళు కడిగింది. కడిగే ముందు ప్రతి గ్లాసునీ ముక్కు దగ్గర పెట్టుకునేదట. ఎవరు ఎంత వదిలేశారు, ఎందుకు వదిలేశారు అని ఆలోచించేదట. ఒకరోజు అప్పటి బార్ పెద్దాయన, సగం గ్లాసు తిరిగొచ్చిందని తల పట్టుకు కూర్చుంటే, సింకు దగ్గర్నుంచి వదిన, "నారింజ తొక్కతో పాటు లోపలి తెల్లపొర కూడా కోసేశారు సార్, అందుకే చేదెక్కి నచ్చలేదు" అందట. ఆయన తొక్క తిప్పి చూశాడు. మర్నాటి నుంచి వదినని సింకు దగ్గర్నుంచి తీసి బల్ల వెనక నిలబెట్టాడు. అది జరిగి పదమూడేళ్ళు.

బార్‌లో వంద రకాలు కలపొచ్చు. వదినకి మాత్రం ఒకే ఒక్కటి ప్రాణం. ఓల్డ్ ఫ్యాషన్డ్. విస్కీ, కాస్త చక్కెర, బిటర్స్ అనే మూలికల చేదు నాలుగు చుక్కలు, ఒక పెద్ద ఐసు గడ్డ, పైన నారింజ తొక్క. "ఇంతేనా? దీనికోసమా ఇంత హడావుడి?" అని మొదట్లో నేను ఎగతాళి చేసేదాన్ని. "ఇంతే కాబట్టే కష్టం. ఇందులో తప్పు జరిగితే దాక్కోవడానికి చోటుండదు" అనేది. ఆ చేదు చుక్కల సీసా నిండుగా ఉంటే చుక్క చిన్నగా పడుతుందట, సగం అయ్యాక పెద్దగా పడుతుందట. అందుకని సీసాని బట్టి లెక్క మార్చుకోవాలి. ఇలాంటివన్నీ ఆవిడ చేతికి తెలుసు. మిగతాదంతా ముక్కుకి తెలుసు.

ఆ ముక్కు నాలుగు నెలల క్రితం పోయింది. ఉండడానికి మొహం మీదే ఉంది, పని చేయడం మానేసింది.

జ్వరం వచ్చి తగ్గింది. తగ్గిన మూడో రోజున నేను వాళ్ళింటికి వెళ్తే వంటింట్లో పాలు మాడిపోతున్నాయి. వీధి మలుపు దగ్గరికే నాకు కమురు కొట్టింది. వదిన పొయ్యి పక్కనే నిలబడి తాపీగా గిన్నెలు సర్దుకుంటోంది. "ఏంటి వదినా, పాలు!" అని అరిచాను. ఉలిక్కిపడి గిన్నెకేసి చూసింది. తర్వాత అలమారలోంచి కాఫీ డబ్బా తీసి మూత విప్పింది, వాసన చూసింది. వెనిగర్ సీసా తీసింది. సబ్బు బిళ్ళ తీసింది. ఆఖరికి నేల మీద చతికిలబడిపోయింది. నేను వెళ్ళి పొయ్యి ఆర్పాను.

వాసన తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు డాక్టరు. తీపి, చేదు, పులుపు నాలికకి తెలుస్తాయి, వాసన మాత్రం ఎప్పుడొస్తుందో చెప్పలేమన్నాడు. బయటికి రాగానే వదిన నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "మీ అన్నయ్యకి కూడా చెప్పకు. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. మేనేజర్‌కి తెలిసిందంటే మళ్ళీ సింకు దగ్గరికే పంపిస్తాడు. అంత దూరం వెనక్కి నేను నడవలేను."

అలా నేను మా వదినకి ముక్కునయ్యాను.

రోజూ మధ్యాహ్నం మూడింటికి బార్ తెరిచే ముందు చేతిగుడ్డల కట్ట పట్టుకుని పైకి వెళ్ళేదాన్ని. అప్పటికి బార్‌లో వదిన తప్ప ఎవరూ ఉండరు. చక్కెర పాకం, చెర్రీల సీసా, నారింజలు, తుడిచిన గ్లాసులు, అన్నీ వరసగా నా ముందు పెట్టేది. నేను ఒక్కొక్కటీ చూసి చెప్పేదాన్ని. ఈ నాలుగు నెలల్లో రెండుసార్లు పట్టుకున్నాను కూడా. ఒకసారి పాకం పులిసింది. ఇంకోసారి గ్లాసులకి తడిగుడ్డ కంపు అంటుకుంది. ఆ రెండు రోజులూ నాకు తెగ గర్వంగా ఉండింది, ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

నాకు నేర్పడానికని వదిన సీసాలు తెరిచి ఒక్కొక్కటీ చూపించేది. "ఇది మొక్కజొన్నతో చేసింది, తియ్యగా ఉంటుంది చూడు. ఇది రై అనే ధాన్యంతో చేసింది, మిరియాల ఘాటు ఉంటుంది." వాసన తనకి తెలియదు కదా, జ్ఞాపకంలోంచి చెప్పేది. నేను "ఔను" అనగానే ఆవిడ మొహం వెలిగేది. చుక్క తాగని నేను విస్కీల తేడాలు చెప్పే స్థితికి వచ్చాను. ఇంట్లో తెలిస్తే ఏమనేవారో!

వాసనలతో పాటు కథ కూడా చెప్పేది. ఓల్డ్ ఫ్యాషన్డ్ అడిగిన ప్రతి అతిథికీ చెప్పే కథే. నాకు మాత్రం తీరిగ్గా, నా వెక్కిరింతలు భరిస్తూ చెప్పేది.

రెండు వందల ఏళ్ళ పైమాట. అమెరికాలో ఒక పత్రికకి ఎవరో పాఠకుడు, "కాక్‌టెయిల్ అంటే ఏమిటండీ?" అని ఉత్తరం రాశాడట. మద్యం, చక్కెర, నీళ్ళు, చేదు కలిపితే వచ్చేదని సంపాదకుడు జవాబిచ్చాడట. మొదట ఉన్నది అంతే. తర్వాత బార్‌ల వాళ్ళకి చేతులు ఊరుకోలేదు. దాన్లో తియ్యటి పండ్ల మద్యాలు పోశారు, సోంపు వాసన కొట్టే ఇంకేదో చిలకరించారు, నానా హంగులూ చేశారు. అది చూసి పెద్దవాళ్ళకి చిర్రెత్తుకొచ్చింది. "ఇవన్నీ వద్దయ్యా, మాకు పాతకాలం పద్ధతిలో కలిపి ఇవ్వు" అన్నారు. ఆ పాతకాలమే దాని పేరై కూర్చుంది.

"ఏదో క్లబ్‌లో ఫలానా ఆయన దీన్ని కనిపెట్టాడని ఈ మధ్య ఒక అతిథి చెప్పాడన్నావుగా?" అని అడిగాను ఓసారి.

"ఆ క్లబ్ పుట్టకముందే పేపర్లలో ఈ పేరు పడిందట. అయినా ఎవరి గొప్ప వాళ్ళది. అతిథి చెప్తే తల ఊపుతాను" అంది వదిన. గ్లాసు తుడుస్తూ నవ్వింది. అంత భయంలోనూ ఆ కథ చెప్పేటప్పుడు మాత్రం వదిన నవ్వేది.

ఇలా నెట్టుకొస్తుండగా మేనేజర్‌కి ఒక ఆలోచన వచ్చింది. హోటళ్ళ గురించి పత్రికల్లో రాసేవాళ్ళని పన్నెండు మందిని పిలుస్తున్నాడట. సాయంత్రం నాలుగింటికి బార్‌లో కూర్చోబెట్టి, ఒకే పానీయాన్ని ఐదు రూపాల్లో, దాని చరిత్ర చెప్తూ, చిన్న చిన్న గ్లాసుల్లో రుచి చూపించాలట. కలిపేదీ చెప్పేదీ వదినే.

ఇంకొకరైతే ఎగిరి గంతేసేవారు. వదినకి అన్నం సయించలేదు. వారం రోజులు రాత్రీ పగలూ అదే ధ్యాస. కాగితం మీద ఐదూ రాసుకోవడం, కొట్టేయడం, మళ్ళీ రాసుకోవడం. "పన్నెండు మందీ రుచి చూడటమే పనిగా బతికేవాళ్ళు. వాళ్ళ ముందు నేను గుడ్డిదాన్నే కదా" అంది. "నేనున్నానుగా" అన్నాను. ఆ మాట ఎంత తేలిగ్గా అనేశానో!

ముందు రోజు మేనేజర్ ఇంకో మెలిక పెట్టాడు. మామూలుగా నారింజ తొక్క వదిన తన కత్తితో, బార్‌లోనే, గ్లాసులో వేసే ముందు కోస్తుంది. అది ఆవిడ నియమం. "మూడు రకాలకి తొక్క కావాలి, పన్నెండు మంది, ముప్ఫై ఆరు తొక్కలు. వాళ్ళని కూర్చోబెట్టి కోస్తూ ఉంటావా? వంటింట్లో ముందే కోయించేద్దాం" అన్నాడు. మునుపటి వదినైతే కత్తి బల్ల మీద పెట్టి, "కుదరదు సార్" అనేది. ఈసారి "సరే సార్" అంది. ఎదురు చెప్తే ఎందుకని అడుగుతాడు, మాట మీద మాట వస్తుంది, ఎక్కడ బయటపడుతుందోనని భయం.

ఆ రోజు పొద్దున లేచేసరికి నా ముక్కు బిగుసుకుపోయి ఉంది.

జలుబు. మామూలు జలుబు. ఏడాదిలో రెండుసార్లు వస్తుంది, పోతుంది. ఆ రోజే రావాలా? వేణ్ణీళ్ళు కాచుకుని దుప్పటి కప్పుకుని ఆవిరి పట్టాను. రెండుసార్లు పట్టాను. వెనిగర్ సీసా ముక్కులోకి దూర్చుకున్నంత పని చేశాను. కళ్ళల్లో నీళ్ళొచ్చాయి తప్ప వాసన రాలేదు.

చెప్పెయ్యాలా? మా తలుపు దగ్గర వదిన ఎదురైంది, వాళ్ళిల్లు దగ్గరే, ఇద్దరం కలిసే పనికి వెళ్తాం. ఆవిడ కళ్ళ కింద నల్లగా ఉంది. రాత్రంతా పడుకున్నట్టు లేదు. "వదినా, వెళ్దామా?" అన్నాను. ఆ తర్వాత దారంతా నోరు మూసుకున్నాను. ఇప్పుడు చెప్తే కుప్పకూలిపోతుంది అనుకున్నాను. నాలుగు నెలల్లో తప్పు దొరికింది రెండే రెండు సార్లు, ఇవాళే ఏం మునిగిపోతుంది అనుకున్నాను. ఇలా నాకు నేను సర్దిచెప్పుకుంటూ మధ్యాహ్నం దాకా దుప్పట్లు మడతపెట్టాను. ఆ పూట ఎన్ని చెమ్మ దుప్పట్లు గదుల్లోకి వెళ్ళాయో నాకే తెలియదు.

మూడింటికి పైకి వెళ్ళాను. వదిన అన్నీ వరసగా పెట్టింది.

"పాకం?"

వంగి గట్టిగా పీల్చాను. "బాగుంది."

"చెర్రీలు?"

"బాగున్నాయి."

వంటింట్లోంచి వచ్చిన డబ్బా మూత తీసింది. తడిగుడ్డ కింద ముప్ఫై ఆరు నారింజ తొక్కలు, ఒకే కొలతలో కోసి ఉన్నాయి. చూడ్డానికి ముచ్చటగా ఉన్నాయి. "ఇవి?"

"ఘుమఘుమలాడుతున్నాయి వదినా" అన్నాను. ఉత్త బాగుంది అంటే సరిపోయేది. లేని వాసనకి నగిషీలు కూడా చెక్కాను.

నాలుగింటికి పన్నెండు మందీ వచ్చారు. నేను చేతిగుడ్డలు పట్టుకుని గోడ పక్కన నిలబడ్డాను. వదిన మొదటి రకం పత్రికలో చెప్పినట్టే కలిపింది. విస్కీ, చక్కెర, నీళ్ళు, చేదు. తొక్క లేదు, ఐసు లేదు. ఉత్తరం రాసిన పాఠకుడి కథ చెప్తే అందరూ నవ్వారు. రెండోది హంగుల రకం, పండ్ల మద్యమూ సోంపు ఘాటూ కలిపింది. ఒకాయన మొహం చిట్లించాడు. "చిరాకేసిందా సార్? అప్పట్లో పెద్దవాళ్ళకీ అలాగే వేసింది" అంది వదిన. మళ్ళీ నవ్వులు. మేనేజర్ మొహం వెలిగిపోతోంది.

మూడోది అసలైనది. పెద్ద ఐసు గడ్డ చుట్టూ చెంచా తిప్పింది. స్ట్రాతో చుక్క నాలిక మీద వేసుకుంది. తీపి సరిపోయింది, చేదు సరిపోయింది, ఆవిడకి తెలిసేది అంతే. డబ్బాలోంచి ఒక్కో తొక్క తీసి గ్లాసు మీద వంచి నొక్కింది. సన్నటి తుంపర విస్కీ మీద పడింది. ఆ తొక్కతోనే గ్లాసు అంచు చుట్టూ రాసింది. పన్నెండు గ్లాసులూ వెళ్ళాయి.

కళ్ళద్దాలు పెట్టుకున్న ఒకావిడ గ్లాసు ఎత్తి మళ్ళీ దించింది. పక్కాయన వైపు చూసింది. ఆయన వాసన చూసి, "ఇది కూడా ఒక రకమేనా? వెల్లుల్లి ఓల్డ్ ఫ్యాషన్డ్?" అన్నాడు. కొందరు నవ్వారు. ఈ నవ్వు ఇందాకటి నవ్వు కాదు.

మేనేజర్ గబగబా వచ్చి గ్లాసు అందుకున్నాడు. వాసన చూడగానే మొహం మాడిపోయింది. వదిన కూడా ఒక గ్లాసు ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకుంది. పాత అలవాటు. గుండె నిండా పీల్చింది. ఏమీ తెలియలేదని ఆ గది మొత్తంలో నాకొక్కదానికే తెలుసు. వదిన తలెత్తి నా వైపు చూసింది. నేను చేతిగుడ్డల వైపు చూశాను.

మేనేజర్ వంటింట్లోంచి కూరలు తరిగే పిన్నిని పిలిపించాడు. మాకు వరసకి పిన్నేం కాదు, అందరం అలాగే పిలుస్తాం. అరవై దగ్గరపడ్డ మనిషి, చేతులు తుడుచుకుంటూ వచ్చింది. అంతమందిని చూసి బెదిరిపోయింది.

"ఈ తొక్కలు దేని మీద కోశావు?"

"చెక్క మీదే సార్. పొద్దున వెల్లుల్లి తరిగిన చెక్క. రెండుసార్లు కడిగాను సార్, సబ్బు పెట్టి కడిగాను."

"వెల్లుల్లి కంపు సబ్బుతో పోతుందా? ఇంతమందిలో నా పరువు తీశావు. నువ్వు ఇంటికి వెళ్ళు. రేపటి నుంచి రావద్దు."

పిన్ని చేతులు తుడుచుకుంటూనే ఉంది, తుడుచుకోవడానికి ఏమీ లేకపోయినా.

నేను చెప్పాలి. తప్పు నాది. ఘుమఘుమలాడుతున్నాయని అన్నది నేను. ఉతికేవాళ్ళ మీద నోరేసుకుని పడిపోయే నేను, అన్నయ్యని దులిపేసే నేను, గోడకి అతుక్కుపోయి నిలబడ్డాను.

"ఆవిడ తప్పేం లేదు సార్" అంది వదిన.

మేనేజర్ తిరిగి చూశాడు.

"ఏ చెక్క మీద కోసినా, గ్లాసు మీద నొక్కే ముందు తొక్క వాసన చూడాల్సింది నేను. అది నా పని. నాకు వాసన తెలియదు సార్. జ్వరం వచ్చిన దగ్గర్నుంచీ తెలియట్లేదు. నాలుగు నెలలైంది."

రాసుకుంటున్న ఒకాయన కలం ఆపేశాడు.

"మరి ఇన్నాళ్ళూ ఎలా చేశావు?"

"ఎలాగో నెట్టుకొచ్చాను సార్."

నా పేరెత్తలేదు. నా వైపు చూడను కూడా లేదు.

తర్వాత వదిన చేసిన పని నేను జన్మలో మర్చిపోను. మూడో రకం గ్లాసులన్నీ వెనక్కి తీసి పారబోసింది. బుట్టలోంచి కొత్త నారింజ తీసి, తన కత్తితో, తన చెక్క మీద తొక్క కోసింది. దాన్ని కళ్ళద్దాల ఆవిడకి అందించి, "మీరు చూసి చెప్పండమ్మా, ఎలా ఉందో" అంది. ఆవిడ వాసన చూసింది. "పండు ఇప్పుడే చెట్టు మీంచి కోసినట్టుంది" అంది మెల్లగా. అప్పుడు వదిన మూడోది మళ్ళీ కలిపింది. నాలుగోదీ ఐదోదీ కూడా కలిపింది. అమెరికాలో మద్య నిషేధం రోజుల్లో దొంగచాటు సరుకు కంపు కప్పిపుచ్చడానికే నారింజ ముక్కలూ చెర్రీలూ చితక్కొట్టి వేయడం మొదలైందంటారని చెప్తూ ఒక్కసారి ఆ తొక్కల డబ్బాకేసి చూసింది. అయినా ఆపలేదు. చలి ఎక్కువుండే ఒక రాష్ట్రంలో విస్కీ మానేసి బ్రాందీతో, పైన సోడా పోసుకుని తాగుతారని, ఇప్పటికీ అక్కడ అదే అసలైనదని వాదిస్తారని చెప్పి ముగించింది. ప్రతి తొక్కా ఎవరో ఒక అతిథి చేతికిచ్చి అడిగింది. దాచుకోవడానికి ఇంక ఏమీ మిగల్లేదు కదా.

అందరూ వెళ్ళాక మేనేజర్ బార్ తాళాలు అడిగాడు. వదిన నడుముకున్న గుత్తి విప్పి ఇచ్చింది. పిన్నిని రేపు మామూలుగా రమ్మన్నాడు. వదినకి మాత్రం, "కబురు చేస్తాను" అన్నాడు. చేస్తాడో లేదో, చేసినా సింకు దగ్గరికో, ఎవరికీ తెలియదు.

ఇద్దరం బయటికి వచ్చేసరికి ఇంకా వెలుతురు ఉంది. దుకాణాల ముందు జనం మామూలుగా తిరుగుతున్నారు. రెండు వీధులు నడిచాం. ఇంక నా వల్ల కాలేదు.

"వదినా, నాకు పొద్దున్నుంచీ జలుబు. నాకు ఏ వాసనా తెలియలేదు. అబద్ధం చెప్పాను."

"తెలుసు" అంది.

నా కాళ్ళు ఆగిపోయాయి. "ఎలా తెలుసు?"

"పొద్దున తలుపు దగ్గర నువ్వు మాట్లాడిన గొంతే చెప్పింది. ముక్కు పోయింది గానీ నాకు చెవులున్నాయి."

"తెలిసి కూడా ఎందుకు అడిగావు? అన్నీ నా ముందు పెట్టి ఒక్కొక్కటీ ఎందుకు అడిగావు?"

వదిన, "నీకూ వాసన తెలియట్లేదని అంటే నేను ఒక్కదాన్నే అయిపోతాను. ఎవరో ఒకరు బాగుంది అంటే చాలనిపించింది" అంది. "నువ్వు ఘుమఘుమలాడుతున్నాయి అన్నావే, అబద్ధమని తెలిసి కూడా నాకు ప్రాణం లేచొచ్చింది."

నాకు ఏడుపు ఆగలేదు. వీధిలో నిలబడి ముక్కు చీదుకుంటూ చిన్నపిల్లలా ఏడ్చాను. వదిన నన్ను ఓదార్చలేదు. మా ఇంటి మలుపు వచ్చినా తిరగలేదు, నేరుగా నడిచింది.

"ఇల్లు ఇటు కదా వదినా?"

"పిన్ని ఇల్లు అటు. మనిద్దరి అబద్ధానికి ఆవిడ ఉద్యోగం పోయేది. ఆ చెక్క సరిగ్గా కడగలేదని రాత్రంతా తన్ను తాను తిట్టుకుంటూ కూర్చుంటుంది. నా వంతు నేను చెప్పాను. నీ వంతు నువ్వే చెప్పాలి."

పిన్ని ఇల్లు మెట్ల కింద ఒక్క గది. తలుపు సగం తెరిచే ఉంది. లోపల పిన్ని రెండు చేతులూ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకుంటోంది. మమ్మల్ని చూసి చేతులు వెనక్కి దాచుకుంది. వదిన గడప బయటే ఆగిపోయింది. నేను లోపలికి వెళ్ళి ఆవిడ ఎదురుగా నేల మీద కూర్చుని, పొద్దున ఆవిరి పట్టిన దగ్గర్నుంచీ మొదలుపెట్టి అంతా చెప్పాను.